గాలికి ఎదురు పోయేవాడు

తిరుత్తణి కొండ కింద టీ అంగడి. సోమవారం సాయంకాలం. చెప్పేవాడు నటరాజు. మగ్గం పని మానేసి చాలాకాలమైంది, నోటి పని మానలేదు.

"రండి, రండి, దగ్గిరికి రండి! బస్సుకు నిలబడినోళ్ళు బెంచీ మీద కూర్చోండి. ఆ పళ్ళిపట్టు బస్సు నా కత అయ్యేదాకా రాదు, డ్రైవరుతో చెప్పిపెట్టినా. ఒరే చౌడప్పా, నోట్లో బజ్జీ ముందర మింగు. నువ్వు కరకరమంటే నాకు మాట తప్పతాది. టీ మాస్టరూ, ఆ గలాసులు కొట్టేది నిలుపు. గమ్మునుండండి అందరూ!"

"మింగేసినా నటరాజన్నా. చెప్పు."

"నా చెల్లెలు అమృతవల్లి కొడుకు, తణికైవేలు. జీతానికి సైకిలు రేసులు తొక్కేవాడు ఈ పక్కలో వాడొకడే. పోయిన ఆదివారం మలేసియాలో రేసు. ఆడ ఒక కొండ ఉండాది. మన తిరుత్తణి కొండ దాని కాలికింద పడిందనుకో, చెప్పులో గులకరాయి అని ఇదిలించేసి పోతాది."

"అబ్బా!"

"ఆ కొండెక్కేటప్పుడు టైర్లు కాలి ఒకటే పొగ. వెనక వచ్చేవాళ్ళకి దోవ కనపడక దగ్గుతా నిలిచిపోయినారు. ఇంగ ఎదురుగాలి! ఎట్లాంటి ఎదురుగాలి? మేసే ఆవులు వెనక్కి నడస్తా ఉండాయి. మనవాడు తల వంచి ఒక్క తొక్కు తొక్కినాడు చూడు, ఆ గాలే 'సామీ, నువ్వు పోయిరా, నాకు వేరే ఊర్లో పని ఉండాది' అని పక్కకి తిరుక్కోనింది."

"పులి ఏమన్నా వచ్చిందా అన్నా? మలేసియాలో పులులు ఉంటాయంటారే."

"వచ్చింది. దాన్ని నిదానంగా చెప్పల్లని ఉంటి, నువ్వు చెడగొట్టినావు. పులి వచ్చింది, మనవాడి స్పీడు చూసింది, 'ఇది మనకి అందే కూడు కాదు' అని మూతి నాక్కోని పోయింది. అంతే పులి కత. కడాకు గీత ఉంటాది చూడు, ఆ గీత. దాన్ని ముందర దాటింది ఎవురు? ఆరంజి చొక్కాయి! ఫోన్లో ఈ రెండు కండ్లతో చూసినా. మురుగన్ సాక్షి!"

"మామా."

"ఎవురది? కత నడిచేటప్పుడు మాట్లాడొద్దని... అరె! వేలూ! యాణ్ణించి ఊడిపడినావురా? చూడండి, వాడే! గాలిని పక్కకి తిప్పినవాడు!"

"పొద్దన వచ్చినా. ఈ పక్కకి రా మామా, నీతో మాట్లాడల్ల."

"ఈడే మాట్లాడు. వీళ్ళంతా మన మనుషులే."

"నేను గెలవలేదు."

"ఆ?"

"గెలవలేదు మామా. ఆ గీత దాటింది హేమనాథు. మా టీములోవాడు. అదే చొక్కాయి, అదే టోపీ, అదే నల్లద్దాలు."

"ఫోను చిన్నదిరా."

"అమ్మకి ఏం చెప్పినావు?"

"ఏం చెప్తా? గెలిచినావని చెప్పినా. వీధంతా జిలేబీ పంచినా. నువ్వు ముందర టీ తాగు."

"టీ వొద్దు. ఆమె రేపు పొద్దన కొండ మెట్లన్నీ ముట్టి మీద ఎక్కతాదంట. పసుపు గుడ్డ తడిపి ఆరేసి ఉండాది. నేను ఇంట్లోకి పోతానే చూసినా."

"వేండుతల్ గదరా. నువ్వు గెలిస్తే మోకాళ్ళ మీద వస్తానని మురుగన్‌కు మొక్కుకోనింది."

"ఆమె మోకాళ్ళు చూసినావా నువ్వు? గుంట మగ్గంలో తొక్కి తొక్కి ఎముకకి ఎముక ఒరుసుకుంటా ఉండాది. తిరువళ్ళూరు డాక్టరు ఏం చెప్పినాడు? నువ్వే గదా తోడు పోయినావు."

"ఇంగ మోకాలు నేలకి ఆనిస్తే నడక నిలిచిపోతాది అన్నాడు."

"అట్లయితే పోయి చెప్పు. పొరపాటు చూసినా, వాడు గెలవలేదని చెప్పు."

"నేనా? ఒరే, ఇన్నేండ్లలో చెప్పిన కత ఒక్కటన్నా వాపసు తీసుకున్నానా నేను? నువ్వే చెప్పు."

"నాకు చేతగాదు మామా. మాట్లాడేదానికి గూడా ఓపిక లేదు. ఆమె ఎదురుగా జిలేబీ పెట్టి, తిను నాయనా అంటా ఉంటే, నోరు రాలేదు. లేచి వచ్చేసినా."

"వేలూ, నేనొకటి అడగతా, కోపం చేసుకోవద్దు. ఫోన్లో నేను గూడా చూసినా. రేసంతా నువ్వే గదా ముందర ఉన్నావు? కడాన ఏమైనాది? కాలు పట్టేసిందా?"

"అదే నా పని చౌడప్పన్నా."

"ఏది? ముందర పోయేదా?"

"ముందర పోయేది. కడాకు పక్కకి జరిగేది."

"ఏం పనిరా అది? నీ పని ఏందని నేను అడిగితే డొమెస్టిక్ అంటివి గదరా! విమానంలో డొమెస్టిక్ అంటే ఏంది? దేశమంతా. 'దేశానికే చాంపియన్' అని బేనరు గూడా వేయించినా!"

"నువ్వు విన్నది తప్పు మామా. అది ఫ్రెంచి మాట. ఇంటి పనివాడు అని అర్థం."

"థూ! మెల్లిగా పలుకు. అందరూ వింటా ఉండారు."

"విననీ. ఇంగేముండాది దాచేదానికి?"

"అదో, మీ అమ్మే వస్తా ఉండాది. వేలూ, ఇప్పుడేమీ అనొద్దు. నేను మెల్లిగా తిప్పి చెప్తా. పులి కాడినించి మొదులు పెడతా."

"నువ్వు గమ్మునుండు మామా."

"అన్నా, వేలు ఈడికి వచ్చినాడా? ఒరే, చేయి కడుక్కోని లేచిపోయినావు, కూడు గూడా తినలేదు. ఏమైనాది? జొరమా?"

"కూర్చో మా. ఈ బెంచీ మీద కూర్చో. మెల్లిగా."

"కూర్చుంటే లేచేది కష్టం. నిలబడే ఉంటా. చెప్పు."

"రేపు నువ్వు మెట్లెక్కొద్దు."

"అది నీకూ నాకూ ఉండే మాట కాదు. నాకూ సామికీ ఉండే మాట."

"నేను గెలవలేదు మా. మామ చూసింది వేరేవాణ్ణి. హేమనాథు అని, వాడు గెలిచినాడు."

"అన్నా, ఏందిది?"

"ఫోను చిన్నది అమృతా."

"మరి నువ్వు యాడ ఉండావు వేలూ? కింద పడినావా?"

"పడలేదు. నేను నూలు మూట సైకిలుకి కట్టుకోని తిరువళ్ళూరు రోడ్లో పోతా ఉంటినే, గుర్తుందా? లారీ వస్తే దాని వెనకాల దూరిపోతా ఉంటి. నువ్వు తిడతా ఉంటివి."

"చస్తావురా అని తిడితి."

"లారీ వెనకాల గాలి తగలదు మా. సగం కష్టం ఉండదు. సైకిలు దానంతటదే పోయినట్లు ఉంటాది. రేసులో గూడా అంతే. ఒకడు ముందర పోయి గాలంతా రొమ్ముకి తీసుకోవల్ల. గెలిచేవాడు వాడి వెనకాల దూరి రావల్ల. నేను లారీ."

"లారీ! విన్నారా, మావాడు మనిషి కాదు, లారీ!"

"మామా!"

"సరి, సరి."

"నీళ్ళు కావల్లంటే నేనే వెనక్కి పోయి, చొక్కాయిలో సీసాలు దూర్చుకోని, మళ్ళా ముందరికి తొక్కోని వచ్చి ఇయ్యల్ల. వాడి చక్రం పోతే నా చక్రం పీకి ఇయ్యల్ల. గీత కనపడినాక నేను పక్కకి జరగతా. వాడు దాటతాడు. నేను వెనకాల యాడో వస్తా. దానికే నాకు జీతం."

"మొదిటినించీ ఇదేనా?"

"మొదిటినించీ ఇదే."

"ఒక్క తూరైనా నువ్వే పోదామని అనిపించలేదా నాయనా?"

"ఒకతూరి పోయినా మా. తైవాన్లో, వానలో. హేమనాథు టైరు పోయింది, నాకు తెలీదు. తిరిగి చూస్తే వెనకాల ఒక్కడు లేడు. దోవంతా ఖాళీ. గీత కాడ కట్టిన గుడ్డలు గూడా కనపడతా ఉండాయి. చెవిలో మిషను ఉంటాది, కార్లోనించి మాట్లాడతారు. 'నిలువు' అన్నారు."

"నిలిచినావా?"

"నిలిచినా. ఒక కాలు నేల మీద పెట్టుకోని, వానలో. వాడు వచ్చినాడు. మళ్ళా వాడికి ముందర తొక్కినా."

"అయ్యో నా తండ్రీ."

"ఏడవొద్దు మా. నాకే ఏడుపు రాలేదు. నాకు నిద్దర పోవల్లని ఉండాది, అంతే. సైకిలు వాళ్ళకే ఇచ్చేసి వచ్చినా. ఇంగ పోను. ఆత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో పని చెప్పినారు, చూస్తా. కాబట్టి నేను గెలవలేదు, ఇంగ గెలిచేదీ లేదు. ఇంగ మొక్కూ లేదు. ఇంటికి పోదాం పా."

"ఉండు. ఆ హేమనాథు చొక్కాయి ఏ రంగు?"

"ఆరంజి. టీములో అందరిదీ అదే."

"అట్లయితే ఎక్కల్ల."

"ఏంది మా నువ్వు! గెలవలేదని చెప్తా ఉంటే..."

"ఫోన్లో నీ మొగం యాడ కనపడింది నాకు? అందరికీ టోపీలు, అందరికీ అద్దాలు. చీమల మాదిరి పోతా ఉంటారు. అందుకే నేను మొక్కేటప్పుడు నీ పేరు చెప్పలేదు. 'సామీ, ఆ ఆరంజి చొక్కాయి ముందర దాటితే ముట్టి మీద నీ మెట్లెక్కుతా' అన్నా. దాటింది గదా?"

"దాటింది. కానీ..."

"కానీ ఏముంది? అడిగింది ఆయన ఇచ్చినాడు. అడిగిన దాంట్లో తప్పుంటే అది నాది."

"అమృతా, అట్లయితే ఆ చొక్కాయి ఇప్పుడే కాదమ్మే, ముందర గూడా గెలిచుండాల గదా! వీడు వానలో నిలిచిన ఆ తైవాన్లో ఒకటి, ఇంగా..."

"మామా, నోరు మూయి!"

"చూడండయ్యా, నేను నిజం చెప్పేటప్పుడే అందరూ నోరు మూయమంటారు."

"ముందర గూడా ఇచ్చినాడా సామి? నాకు ఒక్కరూ చెప్పలేదే! నేను ఈడ పూట పూటా 'ఇయ్యి, ఇయ్యి' అని ఆయన ప్రాణం తీస్తా ఉంటి."

"మా, నేను ఎక్కుతా. నీ బదులు నేను ముట్టి మీద ఎక్కుతా. నువ్వు కింద కూర్చో."

"బదులు చెల్లదు. మొక్కింది నేను."

"అట్లయితే డాక్టరు చెప్పింది?"

"డాక్టరుకు నేను మొక్కలేదు."

"ఈమె ఇట్లే మామా. నేనేం చెయ్యాల? నాకింగ చేతగాదు. రాళ్ళ మీద నువ్వు మోకాళ్ళతో పాకతా ఉంటే నేను పక్కన నిలబడి చూడల్లా?"

"అరవొద్దు నాయనా. నన్ను యోచన చెయ్యనీ. ఒరే, నీ ఆటలో ఆ హేమనాథు గూడా తొక్కతాడా?"

"తొక్కతాడు. కానీ నా వెనకాల. కష్టం నాకు, దోవ వాడికి."

"కడాకు నువ్వు జరిగినాక దాటింది మట్టుకే వాడు."

"ఆ."

"గెలిచింది ఎవురని చెప్తారు?"

"వాడే అని."

"అది మోసం అని ఎవురూ అడగరా? పెద్ద పెద్దోళ్ళు ఉంటారు గదా ఆడ, విజిలు పెట్టుకోని?"

"అడగరు మా. అదే ఆట. అందరికీ తెలుసు."

"దేశాలన్నిట్లో చెల్లతాదా?"

"అన్నిట్లో చెల్లతాది."

"దేశాలన్నిట్లో చెల్లేది తిరుత్తణిలో ఎట్లా చెల్లదు?"

"అంటే?"

"రేపు పొద్దన నువ్వు ముందర. మెట్లన్నీ ముట్టి మీద ఎక్కు. నేను నీ వెనకాలే, రైలింగు పట్టుకోని మెల్లిగా నడిచొస్తా. కడా మెట్టు కాడ నువ్వు పక్కకి జరుగు. దాన్ని నేను మోకాలితో ఎక్కుతా. ఎక్కింది అమృతవల్లి. అంతే."

"సామి ఒప్పుకుంటాడా మా?"

"మలేసియాలో ఒప్పుకున్నాడు గదా."

"అంటే మళ్ళా నేనే లారీనా?"

"నీ మోకాళ్ళు ఎట్లుండాయని ఆ హేమనాథు ఎప్పుడన్నా అడిగినాడా?"

"లేదు."

"కార్లో ఉండేవాళ్ళు?"

"లేదు మా."

"నేను అడగతా ఉండా. ఎట్లుండాయి?"

"అయిపోయినాయి మా."

"ఒక కొండకు ఉండాయా?"

"చిన్న కొండ గదా... ఉంటాయి."

"ఉంటే రా. కూడు తిని పడుకో. తెల్లారకముందే లేపుతా. అన్నా, నువ్వు గూడా రావల్ల. కానీ మెట్లెక్కేటప్పుడు ఒక్క మాట మాట్లాడొద్దు."

"మాట్లాడకుండా కొండెక్కేదా? దానికంటే మోకాళ్ళ మీదే ఎక్కుతా గదమ్మే!"

"అమృతక్కా, అమృతక్కా, ఒక్క నిమసం నిలువు. ఈ చౌడప్పది గూడా ఒక గుండు మొక్కు ఏండ్లుగా నిలిచిపోయి ఉండాది. రేపు వేలు ఎట్లాగూ వస్తాడు గదా, ముందర వాడి తలంతా గొరిగిచ్చేద్దాం. కడా వెంటిక నాది పీకుతారు, అంతే!"