ఓబులేసు కట్టిన దిబ్బ

"తాతా, మా యూనివర్సిటీ బేస్‌బాల్ టీం చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు. మీరు మొదటి నుంచీ ఆ గ్రౌండులోనే పనిచేస్తున్నారు కదా! ఆఫీసు వాళ్లు రాసింది తెలుగులో చెప్తాను, తప్పులుంటే చెప్పండి."

ఆపు. ఆడనే ఆపు శ్రావణీ. ఆ చివరి మాట ఇంకోసారి చెప్పు. "గ్రౌండు కూలీ ఓబులేసు నిర్లక్ష్యం వల్ల మన పిచ్చర్ గాయపడ్డాడు, ఫైనల్ పోయింది." వింటిరా అబ్బా మీరంతా? ఆ హారతి పళ్లెం ఆడ పెట్టి ఇట్ల రాండి. ప్రసాదం యాడికీ పోదు, కూర్చోండి. ఫోను దగ్గరికి పెట్టు తల్లీ, నా గొంతు సరిగ్గా పడాల. భజనలో అయితే మైకు లేకపోయినా రెండు వీధులకు వినపడతాది గానీ, కోపం వస్తే నేను సగం మాటలు మింగేస్తా.

బంతి ఇసిరే పిచ్చర్ నిలబడే ఆ దిబ్బ ఎవరు కట్టినారని రాసినారు? "విదేశీ నిపుణుల సలహాతో." అవునా! ఆడ ఓబులేసు పేరు లేదు. తప్పు మోపేకాడికి వచ్చేసరికి మాత్రం పేరు తెల్సిపోయ. సిగ్గుండాల రాసినోళ్లకు.

ఓబులేసు అంటే ఎవురనుకున్నావు? మా చిన్నమ్మ మరిది కొడుకు... కాదు, కాదు, మరిది అల్లుడు. నన్ను బావా అంటాడు. రాయచోటి పక్కన మా రెండు ఊర్లకూ నడుమ ఒక వంకే అడ్డం. ఇద్దరం ఒకే ఏడు వచ్చినాం ఈ కువైట్‌కు. అప్పుడు నూరు ఫిల్సులకు చాయ, రెండు సమోసాలు వచ్చేటియి. ఇప్పుడు ఆ నూరు ఫిల్సులు ఇస్తే బకాలా అంగడోడు మన మొగం చూస్తాడు. సరే, అది కాదు నేను చెప్పేది.

టీం పెట్టినప్పుడు ఏముండాది? ఏమీ లేదు. లైబ్రరీ ఎనకాల ఇసుక. పిల్లోళ్లు బంతి ఇసిరితే బంతి కంటే ముందు దుమ్ము పోయేది. ఆడిన ఆటల్లా ఓడినారు మొదటేడు. కోచ్ సారు తెల్లాయన, మంచోడు, పేరు పెట్టి పిలిచేవాడు మమ్మల్ని. ఆయన నేల మీద గుండ్రంగా గీత గీసి, "ఇక్కడ మట్టి, గట్టిగా, రాయి మాదిరి" అన్యాడు. మాకేం తెలుసు బేస్‌బాల్! గుండ్రంగా, గట్టిగా అంటే మాకు తెల్సింది కళ్లమే గదా, శెనక్కాయలు కొట్టుకునే కళ్లం. మూడు దినాలు చేసినాం. నీళ్లు చల్లి, తొక్కి, రోలరు దొర్లించి, అద్దం మాదిరి చదును చేసి, చుట్టూ సున్నంతో గీత కూడా పెట్టినాం. ఓబులేసు పోయి "సార్, అలకను పేడ కావాల" అని చేతులతో ఆవును చూపించినాడు. సారు వచ్చి చూసి, తల పట్టుకొని కూర్చున్యాడు. ఆయనకు కావాల్సింది దిబ్బంట, నడిమిట్లో మోకాలు కిందికి ఎత్తు. ఆ దిబ్బ మీద నిలబడే పిచ్చర్ బంతి ఇసిరేది.

"ఏంటండీ పెద్దాయనా, ఇందాకట్నుంచీ దిబ్బ దిబ్బ అంటున్నారు. ఆటెప్పుడు మొదలవుద్దండీ?"

వచ్చినాడప్పా మా అమలాపురం సత్తిబాబు! నీ మాదిరి కొబ్బరిచెట్టు నీడన పుట్టింటే నాకూ తొందర ఉండును. నోర్మూసుకొని విను.

సంచుల్లో మట్టి తెప్పించినారు ఆఫీసోళ్లు. వారానికే ఎండకు పలకలు పలకలుగా పగిలిపోయ. అప్పుడు ఓబులేసు, ఎవురూ చెప్పకుండానే, కాంపస్‌లో ఖర్జూరం చెట్ల పీచు ఏరుకొచ్చి, సన్నగా కత్తిరించి, మట్టిలో కలిపి నానబెట్టినాడు. చెప్పులిడిచి, గోవిందా అనుకుంటా తొక్కినాడు. ఆ దిబ్బ ఇంతవరకూ పగల్లేదు. ఆ ఏడు నుంచే టీం గెలవడం మొదలుపెట్టింది. ఇది రాసినారా? రాయలేదు గదా!

వానికి ఒకటే పట్టు. నీళ్లు తెల్లారుజామునే పెట్టాల. ఆట ముందర చుక్క పడకూడదు. ఎందుకంటే, పిచ్చర్ కాలు ముందుకేసి ఒంటి బరువంతా ఆ కాలి మీదే పెడతాడు. ఆడ పైమట్టి జారిందనుకో, మోకాలు పోతాది.

ఫైనల్ రోజు గాలి దుమ్ము లేసింది. పెద్ద పెద్దోళ్లు వస్తాండారు, తెల్ల దిష్‌దాషా అంగీలోళ్లు, వాళ్లకు సోఫాలు వేసినారు. గ్రౌండు ఇన్‌చార్జి ఉరుక్కుంటా వచ్చి "యల్లా, తొందరగా నీళ్లు కొట్టండి, అంతా తడిపేయండి" అన్యాడు. ఆటకు అరగంట ఉండాది! దిబ్బ మీద వద్దు సార్ అంటే, "నాకు నేర్పిస్తావా?" అన్యాడు. తడిపినారు. ఆట మొదట్లోనే ఆ పిచ్చర్ పిల్లోనికి కాలు జారింది. ఆ అరుపు నాకింకా చెవుల్లోనే ఉండాది. మళ్లీ ఆ పిల్లోడు ఆడలేదు.

ఓబులేసు ఆ పొద్దు గ్రౌండులోనే లేడు! ఈ దేశంలో ఉండేకి ఇచ్చే ఇఖామా కాయితం వేలిముద్రలకు పోయింటే సాయంత్రానికి గానీ రాలేదు. అయినా ఆ ఇన్‌చార్జి వాని పేరే రాసినాడు, దిబ్బ వానిది గాబట్టి. వారంలో ఖలాస్, విమానం ఎక్కించినారు. థూ! అట్లాంటోడు ఇప్పుడు ఏసీ రూములో పెద్ద కుర్చీలో కూర్చోని ఈ పుస్తకం రాయిస్తాండాడు. వాని మొగాన...

ఉండండి. నీళ్లియ్యి సత్తిబాబూ.

ఏమడుగుతాండావు పాపా? నీళ్లు ఎవరు పెట్టినారనా?

నేనే. పైపు పట్టుకున్యది నేనే. వద్దు సార్ అన్యది నేనే, తడిపిందీ నేనే.

తప్పంతా ఓబులేసుదని ఆ ఇన్‌చార్జి అరబ్బీలో కాయితం తెచ్చి, హిందీలో చదివి చెప్పి, సాక్షి సంతకం పెట్టమన్యాడు. నా ఇఖామా ఆ నెలలోనే అయిపోతాండె, పొడిగించాలంటే వాడే రాయాల. తెలియక పెట్టినానని ఇన్నేండ్లూ దేవుని పటం ముందర చెప్పుకుంటి. అబద్ధం. అర్థమయ్యే పెట్టినా. పెట్టె సర్దుకుంటా ఓబులేసు అడిగినాడు నన్ను, "బావా, నీళ్లు పెట్టిందెవురు?" అని. తెలీదు అంటి. వాని మొగం చూసి తెలీదు అంటి! వాడు ఇప్పటికీ పండగకు ఫోన్ చేసి, "దిబ్బ బాగుందా బావా?" అంటాడు. బాగుందిలే అంటా. ఆ ఇన్‌చార్జిని తిడతా కూర్చుంటే నా పాపం పోతాదా? వాడు ఒకసారి అబద్ధం రాసినాడు. నేను ఏటేటా ఫోనులో చెప్తాండా.

ఈ పుస్తకం అచ్చయితే వాట్సాప్‌లో తెల్లారేసరికి రాయచోటికి చేరతాది. వాని మనవరాలికి ఇంగ్లీషు వస్తాది. ఆ పిల్ల ఆ లైను వానికి చదివి చెప్తాది. చదవనిస్తానా?

"తాతా, మీ పేరు రాస్తే మీ ఇఖామా..."

నా ఇఖామా కాయితం ఆ ఇన్‌చార్జి టేబులు మీంచే పోవాల, తెల్సు. పంపిస్తే పోతా. ఇంక నాకు మిగిలినేండ్లు ఎన్నిలే! దిబ్బ కట్టినకాడ ఓబులేసు పేరు రాయి. ఆ లైను కొట్టేసి, ఇన్‌చార్జి చెప్తే నీళ్లు పెట్టినోడు చెన్నయ్య అని రాయి. కింద సంతకం నేను పెడతా, ఈసారి ఎవురూ చదివి చెప్పాల్సిన పన్లేదు. వీళ్లంతా విన్యారు గదా, రేపు నేను మాట మార్చినా వీళ్లు మార్చనియ్యరు.

"ముందు ఆయనకి చెప్పండి పెద్దాయనా. పుస్తకంలో చూసి తెలుసుకోకూడదండీ."

నిజమే చెప్పినాడు సత్తిబాబు. ఆడ ఇప్పుడు పొద్దుగూకింటాది, ఇంట్లోనే ఉంటాడు. శ్రావణీ, ముసలోని కోపమంతా ఓపిగ్గా వింటివి. నువ్వు యాడున్నా నీ మాట నిలబడాల తల్లీ, ఎవురికీ భయపడి తెలీదు అనే గతి నీకు రాకూడదు. ఆ స్వామి చల్లగా చూస్తాడు. ఆ ఫోను ఇట్లియ్యి.

హలో... ఓబులేసూ? నేనప్పా, చెన్నయ్య బావను. లేదు, పండగేమీ లేదు. దిబ్బ సంగతి కాదులే... అవునూ, దాని సంగతే. కూర్చున్యావా? కూర్చో. అదీ... ఆ పొద్దు నీళ్లు...