సెట్ అన్న మాటకి ఇంకో అర్థం

ఏంటండీ, ఈ ఒక్కదానికి మీ వేలు కదలట్లేదు? ఇందాకటి నుంచీ చదివిందే చదువుతున్నాను, గొంతు ఎండిపోతోంది. ఎడిటర్ గారూ, వింటున్నారా అసలు?

కళ్ళు మూసుకున్నారంటే వింటున్నట్టే లెండి. నోటిమాట పడిపోయినా మీ అలవాట్లు ఎక్కడికి పోతాయి? మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులోనూ ఇంతేగా. నేను అర్థం రాసి, దాని కింద వాక్యం పైకి చదవాలి. మనుషులు నిజంగా అనే మాటలా ఉంటే మీరు పెన్సిలుతో బల్లమీద ఒక్కటి కొట్టేవారు. కొట్టలేదో, కాగితం చించి బుట్టలో వెయ్యడమే. నాకెంత ఒళ్ళు మండేదో మీకేం తెలుసు.

ఇప్పుడు పెన్సిలు లేదు, కుర్చీ చెయ్యి మీద ఎడమచేతి వేలుంది. అది చాలు నాకు.

సెట్ అన్న మాట సగంలో ఉండగా మీరు మంచాన పడ్డారు. మిగతాది మీకు వినిపించే పూర్తి చేస్తానని ఆఫీసులో నేనే పట్టుబట్టాను. ఎవరూ కాదనలేదు. అన్ని అర్థాలున్న మాట జోలికి ఎవరొస్తారు చెప్పండి?

దాని పుట్టుక దగ్గరే కదా మనిద్దరికీ చెడింది. అంతా ఒకే మాట అని రాసుకొచ్చాను నేను. మీరు మండిపడ్డారు. కూర్చోబెట్టడం అన్న అర్థంతో పుట్టింది ఒకటట. వెంట నడిచేవాళ్ళ గుంపు అన్న అర్థంతో వేరే భాషలోంచి వచ్చింది ఇంకొకటట. ఏ ఇంటి పిల్లో తెలుసుకోకుండా ఇద్దర్నీ ఒకే తల్లికి కట్టబెడతావా అన్నారు. నాకు పౌరుషం వచ్చి వారంపాటు మీతో మాట్లాడలేదు. ఎదురుబల్ల మీదే కూర్చుని, చూడండి ఎంత మొండిదాన్నో.

ఆ తర్వాత ఎన్ని చదివాను మీకు. విరిగిన ఎముకని సరిగ్గా కూర్చడం, సిమెంటు గట్టిపడటం, పొద్దు గుంకడం, నాటకానికి నిలబెట్టే అట్టగోడలు. అన్నిటికీ కొట్టారు. మరి దీనికేమొచ్చింది? ఇంకోసారి చదువుతాను. ఇద్దరు మనుషులు ఏమీ మాట్లాడుకోకుండా పక్కపక్కన కూర్చుని సాయంత్రం గడపడం. వాక్యం: నిన్న కూడా వాళ్ళిద్దరూ చాలాసేపు సెట్ చేశారు.

ఊఁహూఁ. కదలదు.

మెల్లగా మాట్లాడమంటారా? నిజమే, మీ కోడలు వంటింట్లోనే ఉంది. ఇందాక తలుపు తీస్తూ అడిగింది, "ఇంకా ఎన్ని అర్థాలున్నాయండీ" అని. చాలా ఉన్నాయమ్మా అన్నాను. పాపం, మంచి పిల్లే. కానీ పని లేకుండా ఊరికే వచ్చి కూర్చుంటానంటే ఏమనుకుంటుంది? నేను మీకు చుట్టాన్నా, పక్కాన్నా?

సరేనండీ, చెప్పేస్తాను. ఆ మాట పోయిన నెలే అచ్చుకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ మీకు చదివినవన్నీ పాతవే. మీకు గుర్తులేదనుకున్నాను. గుర్తుండే కొట్టారా? నా మీద జాలిపడ్డారా? నిన్నటితో అవి కూడా అయిపోయాయి. ఇవాళ్టిది పొద్దున కూరగాయలు తరుగుతూ నేను కల్పించింది. మీరు పట్టేశారు.

ఆఫీసులో కొత్తవాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని టైపు చేసుకుంటారు. పైకి చదివితే విసుక్కుంటారు. ఇంటికెళితే తలుపు నేనే తీసుకోవాలి, దీపం నేనే వేసుకోవాలి. నా మాట వినే మనిషి మీరొక్కరే మిగిలారండీ. చించితే చించారు, విని చించేవారు.

రేపు నన్ను రావద్దనుకుంటే వేలు కదపండి. నేనేమీ అనుకోను.

ఎడిటర్ గారూ?

నిద్రపోయారు. ఎప్పట్నుంచి నిద్రపోతున్నారో, ఏమో. పోనివ్వండి. రావద్దని మాత్రం అనలేదుగా.