చెవి వెనకాల మచ్చ

ఆ కంప్యూటరు తెరని పక్కకి తిప్పకు, చూసేశానులే. ఎంత శుభ్రంగా ఉందో నా తల! తోమి బోర్లించిన గిన్నెలా మెరిసిపోతోంది. మీ పెద్దసారు తెగ మెచ్చుకున్నాడటగా. మెచ్చుకోడూ మరి, ఆయన తల కాదుగా.

కూర్చో. పనుందని లేవకు.

తలనొప్పికని స్కానింగు తీయిస్తే, డాక్టరింకా చూడకముందే ఆ బొమ్మలు నువ్వడిగి పుచ్చుకున్నావు. డాక్టర్ల కోసం మీరు చేస్తున్న సాఫ్ట్‌వేరుని పరీక్షించడానికి పనికొస్తాయన్నావు. పొరలు పొరలుగా తీసినవన్నీ పేర్చి, అటూ ఇటూ తిప్పి చూసుకునే తలకాయ చేస్తుందట. నాకు వింతే అనిపించింది. బతికుండగా తన తల లోపల తనే చూసుకునే యోగం ఎందరికి పడుతుంది?

అంత సరుకు మోయలేక మీ కంప్యూటరు నత్తనడక నడిచింది. అందుకని పొరలన్నిటినీ చిన్న చిన్న దిమ్మలుగా విడగొట్టి కుదించావు. కుదించేసరికి నా తల కాస్తా ఇటుకల గోడలా తయారైంది. తిండీ తిప్పలూ మానేసి దాంతో కుస్తీ పట్టావు. ఒక పొరలో దిమ్మ పక్క పొరతో అతకడం లేదని కనిపెట్టి సరిచేశావు. ఇటుకలన్నీ పోయాయి. ఎడమ చెవి వెనకాల గింజంత మచ్చ మాత్రం పోలేదు.

"ఇదీ కుదింపులో తప్పే అమ్మమ్మా," అన్నావు. సరేనన్నాను. నాకేం తెలుసు?

తర్వాత అసలు కుదించని బొమ్మే తెరిచి చూశావు. అందులోనూ ఉంది. నీ వెనకే నుంచున్నాను కదే, నీ మెడ బిగుసుకుపోవడం నాకు కనబడదనుకున్నావా? అక్కడ ఆగాల్సింది. ఆగావా? ఇంకా గట్టిగా కుదించావు. మచ్చ చుట్టుపక్కల రంగులో కలిసిపోయింది. హమ్మయ్య అని నా భుజం మీద తల వాల్చావు.

ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మవి నువ్వే. తప్పు రాసి వేలితో చెరపబోతే చెయ్యి పట్టుకునేదానివి. కొట్టేసి పక్కన రాయి, కనబడితేనే కదా దిద్దుకుంటావు అనేదానివి. ఆ పంతులమ్మ ఎటుపోయిందో.

పొద్దున నువ్వు మీ సారుతో ఫోనులో ఉండగా డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. వాళ్ళ మిషనులో నిక్షేపంలా ఉందది. త్వరగా కోసి తీసేస్తే గండం గడుస్తుందట. ఆలస్యం చేస్తే ఆయన పూచీ లేదట.

ఏడవకు. ఏడ్చే వంతు నాది. రేపు మీ సాఫ్ట్‌వేరుని ఆసుపత్రులకి పంపిస్తారటగా. ఎవరో ముసలావిడ తల ఇందులో చూసి, నీకేం లేదు, ఇంటికి పోమ్మా అంటారు. ఆవిడ సంబరంగా పోతుంది. మీ సారు తిడతాడని భయమా? తిట్టనీ. ఫోను తీసి ఇప్పుడే చెప్పు, నా ముందే చెప్పు.

ఏంటలా చూస్తావు? నేనేదో ధైర్యస్థురాలిననుకుంటున్నావా?

నిన్న నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు ఈ కుర్చీలో కూర్చున్నాను. నా తలని మెల్లగా తిప్పుకుంటూ, చెవి వెనకాలే చూసుకుంటూ ఉండిపోయాను. ఏమీ లేదక్కడ. అబద్ధమని తెలుసు. తెలిసీ, తెర ఆపడానికి చెయ్యి రాలేదే నాకు.