కాలు కనబడని పాట

మధ్యాహ్నం కాలేజీ ఎడిటింగ్ గదిలో అన్న తను తయారుచేసిన పాట వీడియో పెట్టి చూపించాడు. అందులో నాట్యం చేసిన చెల్లెలు సగంలోనే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పడేసింది.

"నా కాలేదీ?"

"ఏ కాలు?"

"నాటకాలాడకు అన్నయ్యా. కుంటే కాలు. మూడు నిమిషాల పాటలో ఒక్కసారైనా కనబడదే!"

"అది కొత్త పద్ధతే. తాళం దెబ్బ పడ్డప్పుడల్లా కట్ చేశాను. ప్రయోగాలు చేయమని మా సారే చెప్పారు."

"ప్రయోగమా? నేను కుడికాలు కదిపిన ప్రతిసారీ నీ కట్ నా మొహం మీదికి దూకుతోంది. నాకు కళ్లు లేవనుకున్నావా?"

"నిన్ను చూసి నలుగురూ అయ్యో అనకూడదని..."

"ఎవరన్నారు అయ్యో అని? ఆరు నెలలు పళ్లబిగువున సాధన చేసి, ఆగకుండా ఒకే షాట్‌లో ఆడాను. ముక్కలు ముక్కలు చేసి పారేశావు. నేనంటే సిగ్గేస్తోందా?"

"నోర్ముయ్! సిగ్గు నీ గురించి కాదే, నా గురించి. ఆ రోజు బండి నడిపి నిన్ను పడేసింది నేను. ఆ కాలు తెర మీద చూస్తే నాకు ఊపిరాడదు."

ఇన్నాళ్లలో వాడు ఆ మాట ఎత్తడం అదే మొదలు. అయినా ఆమె కోపం చల్లారలేదు.

"నీ బాధ కోసం నా నాట్యాన్ని కోస్తావా? జరుగు!"

మౌస్ లాక్కుని కట్‌లన్నీ చెరిపేసింది. అసలు షాట్ మొదలైంది.

"ఎక్కడికి లేస్తున్నావ్? కూర్చో. తలెత్తి చూడు."

చూశాడు. పాట అయిపోయాక చెల్లెలి వైపు తిరిగాడు.

"ఒక్క అడుగు కూడా తప్పలేదే నువ్వు."

"ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా!"