మూలుగు విన్నాక ముప్పై నిమిషాలు

నా పేరు సొలాంజ్ తెరియో. వయసు ఇరవై నాలుగు. జీవశాస్త్రంలో డిగ్రీ చేశాను. మెయిన్ రాష్ట్రం, ఆరూస్తుక్ జిల్లా, సెంట్ అలెక్సీలో మా మేనమామ రొజేర్ మిషో ఇంట్లో ఉంటున్నాను. ఆయన వేటగాళ్లను అడవిలోకి తీసుకెళ్లే గైడు. మే నెల నుంచి నేను ఆయన దగ్గర సహాయకురాలిని. అంతకుముందు ఏడాదిలో రెండు ఉద్యోగాలు మానేశాను. ఇది అడగలేదని మీరన్నారు, అటవీ వార్డెన్ గారూ. అయినా రాసుకోండి. ఇందులో దానికి పని ఉంది.

నిన్న, సెప్టెంబరు ఆరు, శనివారం సాయంత్రం మామయ్య చనిపోయాడు. 6.34కి మూలుగు విన్నదానివి 7.04 దాకా చెట్టు దిగకుండా ఎందుకు కూర్చున్నావు అని మీరు అడిగారు. మొదటి నుంచి చెబుతాను.

నల్ల ఎలుగుబంటి చచ్చేటప్పుడు మూలుగుతుంది. అన్నీ మూలగవు గానీ చాలా వరకు మూలుగుతాయి. పొడుగ్గా, ఊపిరి బయటికి పోతూ, మూడు నాలుగు సార్లు. తుపాకీ పేల్చాక వేటగాడు చెట్టు మీదే ఉండి దాని కోసం వింటాడు. వినిపించిందంటే పని అయిపోయినట్టే. అయినా ముప్పై నిమిషాలు ఆగి దిగాలి. తొందరపడి వెనకే వెళితే చావని ఎలుగు పొదలో పడుకుని మన కోసమే చూస్తుంటుంది. ఇదంతా మామయ్య జూన్‌లో వంటింట్లో నేర్పాడు. గిన్నెలో చారు చల్లారిపోతుంటే కళ్లు మూసుకుని ఆ మూలుగు మూలిగి వినిపించాడు.

"తిండి దగ్గర ఆ చావు కూతలేమిటి? పిల్ల అన్నీ వదిలేసి మళ్లీ పట్నం పారిపోతుంది," అంది లుసిల్ అత్త.

"పారిపోవడానికి ముందు కూర్చోవడం రావాలిగా. దానికి అదే చేతకాదు," అన్నాడు మామయ్య.

ఇంకో మాట కూడా చెప్పాలి. పోయిన శనివారం నేను ఒక ఎలుగును కొట్టి అయిదు నిమిషాలకే దిగిపోయాను. అది దొరికింది, చచ్చే ఉంది, మూలగలేదు. మామయ్య మెచ్చుకోలేదు. బండిలో ఇంటిదాకా తిట్టాడు.

"కాలుగాలిన పిల్లివి నువ్వు. ఈసారి దిగావంటే నీ చేతికి తుపాకీ ఇవ్వను, గరిటె ఇస్తా."

"చచ్చింది కదా మామయ్యా!"

"నీకెలా తెలుసు? అది నీకు ఉత్తరం రాసిందా?"

ఇంకెప్పుడూ దిగనని ఒట్టు వేశాను. అమ్మ మీద వేయమన్నాడు. వేశాను.

నిన్న 3.40కి నన్ను వాగు పైనున్న చెట్టు మంచె ఎక్కించాడు. కింద ఎర పీపా ఉంది. పాత బన్నులు, వాడేసిన వేపుడు నూనె. నా సంచిలో బెల్లం బిస్కెట్లు పెట్టి, వాటి మీద రక్తం ఆపే పట్టీ పెట్టాడు. "ఇది పైనే ఉండాలి," అన్నాడు. తను తూర్పున రెండో పీపా దగ్గరికి పోయాడు. అక్కడి నుంచి నా చెట్టుకు బండి దారిన ఇరవై అయిదు నిమిషాలు. వాగు వెంట దేవదారు పొదల్లోంచి అడ్డంగా వస్తే పది.

6.10కి ఉడుత అరుపు ఆగిపోయింది. ఎలుగు వచ్చింది. పుల్ల విరిగిన చప్పుడు కూడా లేదు. అంతకుముందు నీడ ఉన్నచోట ఇప్పుడు ఎలుగు ఉంది, అంతే. కుక్కలా చతికిలబడి ముక్కు పైకెత్తింది. తరవాత పీపా వైపు కాక నా చెట్టు వైపు వచ్చింది. నిచ్చెన మీద ముందు కాళ్లు పెట్టి రెండు మెట్లు ఎక్కి నా బూటు వాసన చూసింది. పళ్లు టకటకలాడించింది. అలా చేసిందంటే అది కోపం కాదు, భయం అని మామయ్య చెప్పాడు. మెల్లగా మాట్లాడితే పోతుందనీ చెప్పాడు. "పో అమ్మా, పో," అన్నాను. పోయింది. దాని ముక్కు తడి నా బూటు మీద అంటుకుంది.

6.22కి అది తిరిగి పీపా దగ్గరికి వస్తే కాల్చాను. అది పూర్తిగా పక్కకు తిరగనేలేదు. ఆగి ఉండాల్సింది. గుండు భుజానికి ముందు తగిలింది. ఎలుగు వాగు వైపు దూకింది.

6.34కి కింద కొమ్మలు విరిగిన చప్పుడయింది. పడింది అనుకున్నాను. వెంటనే మూలుగు. గడియారం చూశాను. నాలుగుసార్లు లెక్కపెట్టాను. మూడోది అన్నిటికంటే పొడుగు. అడవిలో ఆ మూలుగు నేను ఎన్నడూ వినలేదు. మామయ్య గొంతులోనే విన్నాను, వంటింట్లో. అచ్చం మామయ్య మూలిగినట్టే ఉందే అనుకున్నాను. ఆ మాట మనసులో అనుకుని నవ్వుకున్నాను.

నేను సంతోషించానని కూడా రాయండి.

అడవి ఎరగని మనిషి ఎవరైనా ఆ మూలుగు వింటే పరుగెత్తి వెళతాడు. మాకది శుభవార్త.

ఆకలేసింది. సంచి తెరిచాను. పట్టీ అడ్డంగా ఉంటే పక్కకు తీసి పెట్టాను. రెండు బిస్కెట్లు తిన్నాను. ఒకటి మామయ్యకు ఉంచాను. మోకాళ్లు ఊగుతుంటే చేతులతో పట్టుకున్నాను. నా జీవితంలో ముప్పై నిమిషాలు కదలకుండా కూర్చున్నది అప్పుడే. మామయ్య వచ్చి చూస్తాడని కూర్చున్నాను.

7.04కి దిగాను. వాగు వైపు నూట నలభై అడుగులు వేసి ఉంటాను. మొదట ఆయన టోపీ కనిపించింది. తుపాకీ భుజానే ఉంది, చేతిలోకి తీసుకునే వ్యవధి లేదు. దవడ లేదు. తొడ నుంచి కారిన రక్తంతో నాచు నల్లబడింది. చేయి వెచ్చగా ఉంది. ప్రాణం లేదు. పట్టీ కట్టాను. అప్పుడు కట్టాను.

దవడ పోయింది గనక అరవలేకపోయాడని డాక్టరు చెప్పారు. పదిహేను, ఇరవై నిమిషాల్లో తొడకు కట్టి ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆవిడ ఫైలు మూసి, బహుశా అన్నారు.

ఎలుగును ఈ ఉదయం 5.40కి మీ కుక్కలు పట్టాయి. బతికే ఉంది. మీరు కాల్చినప్పుడు కూడా అది మూలగలేదని మీరే చెప్పారు.

మామయ్య బండి దారిన రాకుండా వాగు వెంట ఎందుకు వచ్చాడని కూడా అడిగారు. ఈ నియమం నాకు నేర్పినవాడు నియమం తప్పి, దెబ్బతిన్న ఎలుగు పోయిన వైపే ఎందుకు వచ్చాడని. రాత్రి దాకా నాకూ తెలియదు. అడవిలో ఫోను పలకదు. ఆయన్ని తీసుకుని పెద్ద రోడ్డెక్కాక, 8.15కి నా ఫోను మోగింది. మామయ్య పంపిన కబురు. నేను తుపాకీ పేల్చిన రెండు నిమిషాలకు, 6.24కి రాసింది. ఫోను మీ దగ్గరే ఉంది, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి.

"కుదురులేనిదానా, దిగకు. నువ్వు ఆగవని తెలుసు. అడ్డంగా వచ్చేస్తున్నా."

నేను దిగలేదు. ఇదొక్కటి వేరే వరుసలో రాయండి.

లుసిల్ అత్తకు మూలుగు సంగతి ఇంకా చెప్పలేదు. ఆమె కూడా ఆ గొంతు వంటింట్లో విన్నది.

పైన రాసింది నాకు రెండుసార్లు చదివి వినిపించారు. ఒకచోట "విచారంతో" అని ఉంటే కొట్టేయించాను, నేను ఆ మాట అనలేదు. మిగతాదంతా నేను చూసింది, విన్నది, చేసింది, చేయనిది. ఎవరి బలవంతమూ లేకుండా చెప్పాను. ఇందులో అబద్ధం ఉంటే బాగుండేది. లేదు.

(సంతకం) సొలాంజ్ తెరియో
సెప్టెంబరు 7, ఆదివారం, ఉదయం 9.50