దూది మాస్టారి మెత్తటి సోల్

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. దూది మాస్టారికి వినేవాళ్ళే కాదు, నిలబడి పనిచేసేవాళ్ళు కూడా లోకువే.

ఆయన బూట్ల ఫ్యాక్టరీలో సోళ్ళు డిజైన్ చేస్తాడు. ఈ మధ్య దూదిలాంటి మెత్తటి సోల్ ఒకటి చేశాడు గనక ఆ పేరు. సాయంత్రం డ్యూటీ దిగాక గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ ఆయన సొంత ఆస్తి. ఇంకో ముగ్గురు హాయిగా పట్టే బెంచీయే, కానీ ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు, తక్కినవాళ్ళు చుట్టూ నిలబడి వినాలి. ఆ రోజూ అంతే. కటింగ్ సెక్షన్ బాబాయి, గేటు కాపలా తాత, టీకొట్టాయన, వాళ్ళ వెనక పెద్దక్క.

పెద్దక్క అంటే మాస్టారి భార్యకి స్వయానా అక్క. అదే ఫ్యాక్టరీలో సోల్‌కి బంక రాసి బూటుకి అతికించే లైన్‌లో పని. ఆ లైన్‌లో కుర్చీ ఉండదు, పొద్దున నిలబడితే మళ్ళీ సాయంత్రం గంట కొట్టాకే కాలికి విశ్రాంతి. కొత్త సోల్ ఎలా ఉందో తెలుసుకుందామని యాజమాన్యం ఆ లైన్ వాళ్ళకీ, కటింగ్ సెక్షన్ వాళ్ళకీ మాస్టారి జోళ్ళే ఇచ్చి, వాళ్ళ పాత జోళ్ళు స్టోరు గదిలో పెట్టి తాళం వేసింది. అప్పట్నించీ ఆవిడ మడమలు మంట. పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మేకు దిగినట్టు ఉంటోంది. గోడ పట్టుకుంటే తప్ప వంటింటి దాకా వెళ్ళలేకపోతోంది.

సూపర్‌వైజరుతో మొరపెట్టుకుంటే, "నాదేముందమ్మా, మాస్టారు ఒక్క మాట చెబితే పాతవి ఇచ్చేస్తాను. నిలబడలేనంటే మాత్రం ఆ చోట ఇంకొకర్ని పెట్టుకోవాలి" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం పెద్దక్క చెల్లెలింటికి వెళ్ళింది. "అలవాటైపోతుందిలే వదినా" అని మాస్టారు టీవీ వైపు తిరిగాడు. ఇంట్లో వినని మనిషి నలుగురిలోనైనా వింటాడేమోనని ఇవాళ టీకొట్టుకి వచ్చింది.

ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు.

"నా సోల్‌కి వంక పెట్టారట ఎవరో! ఎవరయ్యా వాడు, ముందుకి రమ్మనండి! సోల్ అంటే ఏమనుకున్నారు మీరు, రబ్బరు ముక్కా? మడమ కింద మెత్తగా ఉండాలి, పాదం మధ్యలో వంపు ఉందే, దాన్ని కిందనుంచి చెయ్యేసి పట్టుకున్నట్టు దన్ను ఉండాలి, వేళ్ళ దగ్గర వంగాలి. ఈ మూడూ ఒక్కదాంట్లో కుదిర్చినవాణ్ణి నేను. ఇదిగో బాబాయ్, బొటనవేలితో నొక్కు. గట్టిగా నొక్కవయ్యా, నీ సొమ్మేం పోదు. దిగిందా లేదా?"

జేబులోంచి తీసిన సోల్ ముక్కని బాబాయి నొక్కి చూసి, దిగిందని ఒప్పుకున్నాడు.

డిజైన్ గదిలో సోల్‌ని పరీక్షించే పద్ధతి అదే. బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కుతారు, దిగితే భేష్ అనుకుంటారు. కొనేవాళ్ళూ కొట్లో అలాగే నొక్కి, మురిసిపోయి కొంటారు. మనిషి నిలబడేది బొటనవేళ్ళ మీద కాదు కదా అని ఆ గదిలో ఒక్కడికీ తట్టి చావలేదు.

"మొట్టమొదట ఏం చేశానో తెలుసా? మేడ మీదనుంచి గాజు గ్లాసు దీని మీదకి వదిలాను. పగల్లేదు."

"ఓస్, అంతేనా?" అన్నాడు టీకొట్టాయన. "నా గ్లాసులు రోజూ పడి లేస్తూనే ఉంటాయి."

"నిండా టీ ఉందయ్యా అందులో! చుక్క ఒలికితే ఒట్టు. నురుగు చెదరలేదు. నేను తీరిగ్గా మెట్లు దిగొచ్చి తాగితే ఇంకా వేడిగానే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా వీధి పోస్ట్‌మన్‌కి ఒక జత ఇచ్చాను, పాపం తిరిగి తిరిగి కాళ్ళరిగిన మనిషి కదా అని. వేసుకుని బయల్దేరాడు. కాలికి నేల తగులుతున్న సంగతే తెలియడం లేదు, ఇహ నడుస్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? వీధి దాటాడు, ఊరు దాటాడు, పక్క ఊరూ దాటాడు, చివరికి సముద్రం అడ్డొచ్చింది గనక ఆగాడు. అప్పుడేమన్నాడు? 'అయ్యో, నేనింకా ఇంట్లోంచే బయల్దేరలేదనుకున్నానే' అన్నాడు!"

అందరూ గొల్లుమన్నారు. అరికాలి మంట నెత్తికెక్కడమని ఊరికే అంటుంటారు గానీ, పెద్దక్కకి అది నిజంగానే మడమ దగ్గర మొదలై మోకాలు దాటి, నడుం దాటి పైకి పాకుతోంది. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, "మరిదిగారూ, ఒక్క మాట" అంది.

"ఆగు వదినా, అసలు కథ ముందుంది. పాదం వంపుకి నేనిచ్చిన దన్ను సంగతి వినండి. నడుం వంగిపోయిన ముసలాయన ఒకాయన వేసుకున్నాడు. పొద్దున పాదం లేచింది. మధ్యాహ్నానికి మోకాళ్ళు చక్కబడ్డాయి. సాయంత్రానికి నడుం నిటారు. మర్నాటికి జుట్టు నల్లబడింది, ఆ పై వారానికి ఊడిన పళ్ళు మొలిచాయి. ఇంటికెళ్తే భార్య తలుపు తియ్యదే! 'మా ఆయన ముసలాడు, నువ్వెవడివిరా' అని చీపురు తిరగేసింది."

"ఆ జోడేదో నాకూ ఇప్పించు నాయనా," అన్నాడు గేటు తాత. "మా ఆవిడ తలుపు తియ్యకపోయినా సర్దుకుంటాను."

మళ్ళీ నవ్వులు. పెద్దక్క ఈసారి గొంతు పెంచింది. "నా మడమలు..."

"ఆ! మడమలంటే గుర్తొచ్చింది!" అని ఆయన ఆ మాటనే పట్టుకుని ముందుకి దూకాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. నొప్పి తనది, అది ఆయన తర్వాతి కథకి ఎత్తుగడగా పనికొచ్చింది. "మడమకి అదురు తగలకూడదు, అదీ నా సిద్ధాంతం. ఆ మధ్య ఒక ఊళ్ళో భూకంపం వచ్చింది. గోడలు ఊగుతున్నాయి, జనం వీధుల్లోకి పరుగు. మన సోల్ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఇల్లు కూలిపోయింది, అద్దం కూలిపోయింది. ఆయన చెంపమీద గాటు పడితే నన్నడగండి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కబురు సర్కస్ వాళ్ళ చెవిన పడింది. పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు పట్టుకున్నారు. ఏనుగుకి కాళ్ళ నొప్పులట, ఆటకి రానని మొరాయించిందట."

"ఏనుక్కి సైజు ఎక్కడిదయ్యా?" అన్నాడు బాబాయి.

"సైజా! నా సోల్‌కి సైజుతో పనేంటి? మన లైన్‌లో ఇచ్చారే, అవే, రెండు జతలు పట్టుకెళ్ళి ఈ చేతుల్తో తొడిగాను. గ్లవుజుల్లా పట్టేశాయి. చీమకైనా ఏనుగుకైనా పట్టేస్తుంది నా జోడు. ఏనుగు లేచింది చూడండీ, అడుగు చప్పుడు లేదు! తాడెక్కి ఆ చివరికీ ఈ చివరికీ పచార్లు చేసింది. అక్కణ్ణించి ఒక్క దూకు దూకింది. సరిగ్గా దాని కాలికింద ఒక చీమ పడింది. చచ్చిందనుకున్నారా? ఒళ్ళు దులుపుకుని, 'కళ్ళు కనబడవుటే' అని ఏనుగుని తిట్టి మరీ వెళ్ళింది!"

బాబాయి పొట్ట పట్టుకున్నాడు. మాస్టారు నవ్వలేదు. కోపం ఇంకా దిగనట్టుంది, బెంచీ మీద గుద్దాడు. "అలాంటి సోల్ వేసుకుని కాళ్ళు నొప్పులంటారా! ఏనుగుకి లేని నొప్పి వీళ్ళకెక్కణ్ణించి వచ్చిందయ్యా? పనిదొంగలు! కూర్చోడానికో వంక."

"ఆ పనిదొంగని నేనే," అంది పెద్దక్క.

జనం రెండుగా విడిపోయి ఆవిడకి దారిచ్చారు. ఆవిడ వచ్చి, నిలబడే వంగి, తాళ్ళు విప్పి జోళ్ళు తీసింది. మడమలు ఎర్రగా వాచి ఉన్నాయి. జోళ్ళు రెండూ మాస్టారి పక్కన బెంచీ మీద పెట్టింది.

"వేసుకోండి."

"ఏంటి వదినా ఇది, నలుగురిలో?"

"పనిదొంగ అన్నదీ నలుగురిలోనేగా! వేసుకుని రేపు లైన్‌లో నా పక్కన నిలబడండి. ఎక్కడా కూర్చోకుండా, గోడకి ఆనకుండా. సాయంత్రం దాకా అక్కర్లేదు, మధ్యాహ్నం అన్నం గంట దాకా చాలు."

మాస్టారు నవ్వేయబోయాడు. "నాకెలా పడతాయి వదినా? నీది చిన్న సైజు."

"ఏనుక్కి పట్టినవి మీకు పట్టవా?"

టీకొట్టాయన చేతిలో జల్లెడ గిన్నెలో పడింది. గేటు తాత పడీపడీ నవ్వాడు. బాబాయైతే మాస్టారి మీద చెయ్యేసి మరీ నవ్వాడు. పెద్దక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

"నీకెందుకు బాబాయ్ అంత నవ్వు? నిన్న మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని ఏడ్చింది ఎవరు?" ఆవిడ మళ్ళీ మరిది వైపు తిరిగింది. "మీ సోల్ పొద్దున మెత్తగానే ఉంటుంది. పూట గడిచేసరికి మా బరువుకి నలిగి అట్టముక్క అవుతుంది. మధ్యలో దన్నని పెట్టారే, అదొక్కటే నలగదు, రాయిలా పాదంలోకి పొడుచుకుంటుంది. మీరు నొక్కి చూశారు, మేం నిలబడి చూశాం. మాటలు కోటలు దాటుతున్నాయి మరిదిగారూ, మీ కాలే డిజైన్ గది గడప దాటదు."

బాబాయి తలొంచుకుని, "నాకూ నొప్పేనయ్యా మాస్టారూ," అన్నాడు మెల్లగా. మాస్టారు అందరి మొహాలూ చూశాడు. ఒక్కరూ ఆయన వైపు లేరు. ఫోన్ తీసి సూపర్‌వైజరుకి చేశాడు.

"ఆ, నేనే. స్టోరు తాళం తీయించి రేపు వాళ్ళ పాత జోళ్ళు వాళ్ళకిచ్చెయ్యండి... అబ్బే, సోల్‌లో లోపం ఏముంటుంది! సోల్ మరీ ఎక్కువ బాగుంది. వీళ్ళ కాళ్ళే ఇంకా ఆ స్థాయికి రాలేదు." ఫోన్ జేబులో పెట్టుకుని ఛాతీ విరిచాడు. "చూశావా వదినా, ఒక్క మాటతో తాళం తీయించాను!"

కోరింది దక్కింది, కోపం మాత్రం దిగలేదు పెద్దక్కకి. "ఆ ఒక్క మాటే మీ ఇంట్లో అడిగాను. అప్పుడే అని ఉంటే ఈ కాళ్ళు ఇంతదాకా వచ్చేవి కావు," అని వట్టి కాళ్ళతో కంకర రోడ్డు మీదకి నడిచింది.

"జోళ్ళు మర్చిపోయావు వదినా!"

"మర్చిపోలేదు, మీకే ఉంచాను. నేను తిన్నగా మా చెల్లి దగ్గరికే వెళ్తున్నా. మీరు నన్నేమన్నారో ఈ కాళ్ళు చూపించి మరీ చెబుతాను."

బాబాయీ తాతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. ఇంటికి పోవడానికి కాలాడక, మాస్టారు ఇంకో టీ చెప్పి టీకొట్టాయన వైపు జరిగాడు.

"ఆ ఏనుగు ఉంది చూశావూ, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు మాస్టారూ. లేవండి, బెంచీ లోపల పెట్టుకోవాలి."