ఒక లింకు తక్కువ

ఎవరూ, సంఘం గదిలో గోడ మీద ఫొటోలో ఉన్నాయనా? బక్కగా, మెడదాకా గుండీలు పెట్టుకుని? ఆయన్ని గొలుసాయన అనేవాళ్లం తల్లీ. అసలు పేరు ఎవరం అడిగాం కనక! మీ తాత చెప్పలేదూ నీకు? చెప్పడులే, మా అన్నయ్య సంగతి నాకు తెలీదా. నోట్లోంచి మాట రావాలంటే వడ్డీ కట్టాలి. కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు కూర్చో. సంఘంలో చేరమని నిన్నూ అడిగారా? చేరమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. నేనెలా చేరానో చెప్తా, ఆపైన నీ ఇష్టం.

ఆయన సర్వే ఆఫీసులో గొలుసు లాగేవాడు. అప్పట్లో టేపులెక్కడివి, భూమి కొలవాలంటే ఇనప గొలుసే, వంద లింకులు, అరవై ఆరు అడుగులు. ముప్పై ఏళ్లు దాన్ని లాగీ లాగీ ఒక భుజం కిందికి జారిపోయింది, చొక్కా వేసుకుంటే వంకరగా కనపడేది. రిటైరయ్యాడు, హాయిగా ఇంట్లో పడుకోవచ్చుగా? అదే ఏడు పైనుంచి కాగితం వచ్చింది. వాగుని తిన్నగా చేస్తాం, అటూ ఇటూ సిమెంటు గోడ కడతాం, ఒడ్డున చెట్లు కొట్టేస్తాం, ఒడ్డు భూముల్లో తలా ఓ ముక్క తీసుకుంటాం అని. ఇంక చూస్కో, ఈయన ఇంటింటికీ తిరగడం మొదలెట్టాడు. "చెట్లు మనమే కాపాడతాం, ఒడ్డున పదడుగుల మేర దున్నం అని మనమే రాసిద్దాం. భూమి మాత్రం మన పేరునే ఉండాలి. అందుకో సంఘం పెట్టుకుందాం" అని. నూనె మిల్లాయన ఎకసెక్కాలు. "ఏవయ్యా, ఇన్నాళ్లూ కొలిచావు, ఇప్పుడు కాపలా కాస్తావా?" అని. గొలుసాయన నవ్వి ఊరుకుని, మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. ఆ మిల్లాయనే ముందు చేరాడు, పోరు పడలేక!

చేరాలంటే చందా గిందా ఏమీ లేదు. గట్టు నడవాలి. అంటే, పక్కపక్క భూములవాళ్లిద్దరూ రోడ్డు దగ్గర బయల్దేరి తమ మధ్య గట్టు మీద వాగుదాకా కలిసి నడిచి, అక్కడ సంఘం గీయించిన భూముల పటం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. "తగాదా ఉన్న గట్టు మీంచే సర్కారువాళ్లు లోపలికొస్తారు" అనేవాడు. నిజమే మరి, ఒక్క గట్టు తగాదాలో ఉన్నా పటం మొత్తం చెల్లదని ఆఫీసులో ముందే చెప్పేశారు. సోమవారం ఆఫీసులో విచారణ, ఆ పటం అక్కడ చూపించాలి. ఒడ్డు భూములవాళ్లు నలభై ఒక్కమందిలో ముప్పై తొమ్మిదిమంది నడిచేశారు. మిగిలింది ఎవరనుకున్నావ్? నేనూ, మీ తాతా.

పదకొండేళ్లు మాటల్లేవమ్మా మా ఇద్దరికీ. మా నాన్న పోయాక భూమి చెరి సగం చేశారు. అన్నయ్య వాటా ముందు కొలిచి హద్దురాయి పాతారు, మిగిలింది నాది. వారం తిరక్కుండా మీ తాత అడుగులేసుకుంటూ కొలిచి, "నా భూమి తగ్గింది, వీడు రాయి జరిపాడు" అన్నాడు. నలుగురి ముందూ అన్నాడు. సొంత తమ్ముణ్ణి! భూమి పోతే పోయింది, ఆ మాట మాత్రం నాకు ముల్లులా ఉండిపోయింది. ఇంక నేను మాత్రం ఎందుకు తగ్గుతాను?

ఆ శుక్రవారం నా సైకిల్ షాపులో టైరుకి పంచరేస్తున్నా. గొలుసాయన ఓ గోనెసంచి తెచ్చి నా ముందు గుమ్మరించాడు. తుప్పు పట్టిన పాత గొలుసు. "అబ్బాయ్, రోజూ సైకిల్ చైన్లు చూసేవాడివి, దీని లింకులు లెక్కపెట్టు" అన్నాడు. పెట్టా. తొంభై తొమ్మిది. మళ్లీ పెట్టా. తొంభై తొమ్మిదే. ఆయన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "వాగులో కొలుస్తుంటే ఒక లింకు తెగి కొట్టుకుపోయింది. పైన కొత్త ఆఫీసరు, చెప్తే పీకేస్తాడని కమ్మరి చేత అతికించేశా. ఒక్క లింకేగా అనుకున్నా. ఆ తర్వాత వారమే మీ భూమి కొలిచాం. మీ అన్నవైపు పది గొలుసులు. పది లింకులు పోయాయి, అంటే ఆరున్నర అడుగులు. నువ్వు దొంగవి కాదు, అతను అబద్ధమాడలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఒకటే అడిగా, ఇది నలుగురికీ తెలిస్తే మీ సంఘం ముక్కలైపోదా అని. ఆ గొలుసుతో ఎన్ని భూములు కొలిచాడో మరి! "తెలుసు. అందుకే నోరు మూసుకున్నా. ఇంక నావల్ల కాదు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బడి గదిలో అందరి ముందూ చెప్పేశాడు. గొలుసు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గదంతా గోల. మిల్లాయన లేచి "అయితే మాదీ తప్పేనా?" అని కేక. "కావచ్చండీ. టేపు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను, నడవగలిగినన్నాళ్లు" అన్నాడు. మీ తాత గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. లోపలికొచ్చాడు. గొలుసాయన్ని కొడతాడనే అనుకున్నా, నిజం, అడ్డు వెళ్దామని లేచా కూడా. తిన్నగా నా దగ్గరికొచ్చి, మొహం ఎటో పెట్టుకుని, "పదరా, ఎండెక్కితే నువ్వు నడవలేవు" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత అదీ మాట! నేనొట్టి బక్కపీనుగనని ఆయన నమ్మకం చిన్నప్పట్నుంచీ. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. గోల చేస్తున్న మిల్లాయన కూడా "ముందు విచారణ కానీ, మావి తర్వాత కొలుద్దువు" అని కూర్చున్నాడు.

ముగ్గురం వెళ్లాం. గొలుసాయన టేపు పరిచి చోటు చూపించాడు. నేనూ అన్నయ్యా గునపం వేసి రాయి పెకలించి నా వైపుకి జరిపాం. జరిపానని పదకొండేళ్లు తిట్లు తిన్నవాణ్ణి, ఆ రోజు నిజంగానే జరిపా! ఇద్దరం నవ్వాం కూడా. గట్టు వెంట వాగుదాకా నడిచి, అన్నయ్య వీపు మీద పటం పెట్టి నేనూ, నా వీపు మీద పెట్టి ఆయనా సంతకాలు చేశాం. ఆ పటంతోనే కదా విచారణ నెగ్గాం, వాగు ఇవాళ్టికీ దాని వంకర్లన్నిటితో పోతోందంటే!

సంతకాలయ్యాక పటం గొలుసాయన చేతిలో పెట్టాం. దానికేసి చూడనైనా లేదు. "మరి నన్ను సంఘంలో ఉండనిస్తారా బాబూ?" అన్నాడు. మమ్మల్నమ్మా! మేం చేరి ఇంకా సిరా ఆరలేదు. సంఘం పెట్టినాయన ఆయన, ఊరంతా తిరిగి చెప్పులరిగినాయన ఆయన, చేతులు కట్టుకుని మమ్మల్నడుగుతున్నాడు. మీ తాత వంగి టేపు చుట్టి ఆయన చేతికిచ్చాడు. "రేపు విచారణ. ఎల్లుండి మిల్లాయన గట్టు. రెండో చివర నేను పట్టుకుంటా, పెందరాళే రండి" అన్నాడు.

...

ఆఁ? ఏం లేదు, గొలుసాయన గుర్తొచ్చాడంతే. మంచినీళ్లు తాగుతావా?